పద్నాలుగో మేకుకి రెండు బిళ్ళలు

నేను ఇరవై ఆరేళ్ళు పని చేసిన ఆఫీసులో తలుపు పక్కన ఒక చెక్క బోర్డు ఉంది. దాని మీద వరసగా ముప్పై మేకులు, మేకుకి ఒకటి చొప్పున నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు. పద్నాలుగో మేకుకి మాత్రం రెండు వేలాడుతుంటాయి. నేను రిటైరైన రోజున కేకు కోసి అందరూ కబుర్లలో ఉండగా, కొత్త మేనేజరు బోర్డు దగ్గరికి వెళ్ళి, "ఇక్కడ ఒకటి ఎక్స్‌ట్రా ఉందే" అంటూ తియ్యబోయాడు. నేను ప్లేటు అక్కడే వదిలేసి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన నవ్వాడు. "ఎలాగూ వచ్చే ఏడాది ఈ బోర్డు తీసేసి ఫోన్‌లో యాప్ పెడుతున్నాం, సరోజా" అన్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ రెండో బిళ్ళ కథ మొదటినుంచి చివరిదాకా తెలిసినవాళ్ళం ముగ్గురం ఉండేవాళ్ళం. ఇద్దరు పోయారు. నేను కూడా పోతే అది డూప్లికేట్ బిళ్ళగానే మిగిలిపోతుంది, ఎవరో ఒకరు తీసి సొరుగులో పడేస్తారు.

ఇంకో కారణం కూడా ఉంది. ఈమధ్య మన పిల్లలు కొందరు కంప్యూటర్ ఉద్యోగాలు కాదని ఇలాంటి పనుల్లోకి వస్తున్నారు. మోరిస్‌విల్ నుంచి స్నేహ అనే అమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, వైల్డ్‌లైఫ్ జాబ్ అంటే యాక్చువల్‌గా రోజంతా ఏం చేస్తారు?" అని అడిగింది. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

లైబ్రరీ కార్డు

నాకు డిగ్రీ లేదు. ఇంటర్ తప్పి పెళ్ళి చేసుకున్నదాన్ని. మా ఆయన ప్రసాద్ నెవాడా ఉత్తరాన, హైవే పక్కనున్న చిన్న ఊళ్ళో మోటెల్ నడిపేవారు. నేను గదులు సర్దేదాన్ని. ఆ ఊళ్ళో పాత ఫైర్ స్టేషన్‌ని లైబ్రరీగా మార్చారు. ఇంగ్లీషు నేర్చుకుందామని వెళ్ళి పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టాను. లైబ్రేరియన్ మార్లీన్ నా చేతిలో ఏ పుస్తకం ఉందో గమనించి, తర్వాతి వారానికి దానికంటే ఒక మెట్టు పైది తీసి పెట్టేది. ఐదేళ్ళలో ఎడారి గురించి ఆ లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ రెండుసార్లు చదివాను. లేనివి మార్లీన్ పక్క ఊళ్ళ నుంచి తెప్పించింది.

ఊరికి దగ్గర్లోని వన్యప్రాణుల రిజర్వ్‌లో ఆఫీసు ఊడ్చి, మ్యాపులిచ్చే మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. అక్కడి పై అధికారి డేల్ అనే ఆయన. పొడుగాటి మనిషి. ఎండకి మెడ వెనక చర్మం తోలు బెల్టులా అయిపోయింది.

"ఏ కాలేజీ?" అన్నాడు.

"కాలేజీ కాదు. లైబ్రరీ."

అల్మరా మీద గడ్డి కుక్కిన పక్షి ఒకటి ఉంది. "అదేంటి?" అన్నాడు.

"సేజ్ గ్రౌస్, సేజ్ పొదల్లో ఉండే అడవికోడి. మగది. చలికాలమంతా సేజ్ ఆకులు తప్ప ఇంకేమీ తినదు. వేరే పక్షులకి గింజల్ని నూరే గట్టి తిత్తి ఉంటుంది, దీనికి అలాంటిది లేదు."

"రేపు ఏడింటికి రా. తిత్తి సంగతి ఎవరూ అడగరు గానీ" అన్నాడు.

మూడేళ్ళకి నన్ను ఫీల్డ్ పనిలోకి తీసుకున్నాడు. నా చదువంటే నాకు గర్వమని దాచను. ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే పది జవాబులు చెప్పేదాన్ని. ఆ గుణం ఒకసారి ఒక పెద్దమనిషి ప్రాణం మీదికి తెచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆ నేల

ఎడారి అనగానే మనవాళ్ళు ఇసుక దిబ్బలు అనుకుంటారు. ఇక్కడ ఇసుక లేదు. సముద్రమట్టానికి నాలుగువేల అడుగుల పైన, నడుము ఎత్తు బూడిదరంగు సేజ్ పొదలు కొండల అంచుదాకా పరుచుకుని ఉంటాయి. జూన్‌లో మధ్యాహ్నం మాడ్చేసే ఎండ, పొద్దు వాలితే స్వెట్టర్ కావాలి. మధ్యలో ఎండు సరస్సు. తొమ్మిది మైళ్ళ వెడల్పున తెల్లటి మట్టి, బల్ల పరిచినట్టు, ఒక్క గడ్డిపోచ లేకుండా ఉంటుంది. ఆ మట్టిలో పిసరంత రొయ్యల గుడ్లు ఉంటాయి. ఏళ్ళ తరబడి వాన లేకపోయినా అవి చావవు. ఒక్క మంచి వానకి రెండు వారాల్లో సరస్సంతా ఈదుతుంటాయి. అప్పటిదాకా కాళ్ళ కింద ఎన్ని ప్రాణాలు ఎదురుచూస్తున్నాయో నడిచేవాడికి తెలియదు.

ఆ సరస్సు మీద కళ్ళని నమ్మకూడదని మొదటి వారంలోనే డేల్ చెప్పాడు. నేల కాలుతున్నప్పుడు దాన్ని ఆనుకున్న గాలి అద్దంలా పని చేస్తుంది. రెండు మైళ్ళ దూరంలో రాయి మీద వాలిన కాకి, నిలబడ్డ మనిషిలా కనిపిస్తుంది. నిజంగా మనిషి నిలబడితే ఏమీ కనిపించకపోవచ్చు. చెవుల్నీ నమ్మకూడదు. గాలి ఆగిపోయినప్పుడు మన గుండె చప్పుడే ఎవరో వెనక నడుస్తున్నట్టు ఉంటుంది. ఒడ్డున బొరియల్లో చిన్న గుడ్లగూబలు కాపురముంటాయి. వాటి పిల్లలు దగ్గరికి ఎవరొచ్చినా రాటిల్‌స్నేక్ తోక ఆడించినట్టే బుసకొడతాయి. పాము లేకుండానే పాము ఉన్నట్టు భయపెట్టడం వాటి బతుకుతెరువు.

నా మొదటి పెద్ద తప్పు ఒక జింకపిల్లతో జరిగింది. ఇక్కడి ప్రాంగ్‌హార్న్ జింక పిల్లని పొదల్లో పడుకోబెట్టి దూరంగా మేతకి వెళ్తుంది. పిల్ల కదలదు, దానికి వాసన ఉండదు. నేను దాన్ని చూసి, తల్లి వదిలేసిందనుకుని, చీర కొంగులో పసిబిడ్డని చుట్టినట్టు జాకెట్‌లో చుట్టి ఆఫీసుకి తెచ్చాను. డేల్ నన్నూ దాన్నీ ట్రక్కులో కూర్చోబెట్టి అదే పొద దగ్గరికి తీసుకెళ్ళి దింపించాడు. మైలు దూరం నుంచి బైనాక్యులర్స్‌తో సాయంత్రం దాకా చూడమన్నాడు. తల్లి ఎక్కడినుంచి వచ్చిందో నేను చూడనే లేదు. ఉన్నట్టుండి అక్కడ ఉంది.

"నీకు కనబడలేదు కాబట్టి లేదనుకున్నావ్" అన్నాడు డేల్. ఆయన ఆ మాట నాతోనే అంటున్నాడని చాలా ఏళ్ళు అనుకున్నాను.

బోర్డు

ఇక బిళ్ళల సంగతి. గేటు దాటి సరస్సు మీదికి వెళ్ళే ప్రతి మనిషీ రిజిస్టర్‌లో పేరు రాసి ఒక బిళ్ళ తీసుకోవాలి. తిరిగి రాగానే తన బిళ్ళని తన చేత్తో అదే మేకుకి తగిలించాలి. ఒకరి బిళ్ళ ఇంకొకరు పెట్టకూడదు. భర్త బిళ్ళ భార్య పెట్టబోయినా డేల్ ఊరుకునేవాడు కాదు. "ఆయన ఏడీ? రమ్మను. పెట్టమను" అనేవాడు. కొందరు విసుక్కునేవాళ్ళు. కొందరు మా మీద ఫిర్యాదు రాసేవాళ్ళు.

సాయంత్రం అయిదింటికి బోర్డు చూసి గేటు మూస్తాం. తాళం వేసే ముందు డేల్ గేటు దగ్గర నిలబడి సరస్సు వైపు ఏదో ఒక మాట గట్టిగా అరిచేవాడు. కాసేపు ఆగేవాడు. తర్వాత తాళం వేసేవాడు. కయోటీలని, అంటే ఇక్కడి నక్కజాతి జంతువుల్ని, తోలుతున్నాడనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు.

ఆరుగురు

పదేళ్ళ కిందట, జూన్ నెలలో ఒక శనివారం. ఫ్రీమాంట్ నుంచి రెండు కార్లలో మనవాళ్ళు వచ్చారు. శ్రీకాంత్, అతని భార్య దివ్య, వాళ్ళ పాప, స్నేహితుడు కిరణ్, అతని భార్య, శ్రీకాంత్ నాన్నగారు వెంకటరత్నం గారు. ఆయన ఆంధ్రాలో కాలువల శాఖలో సర్వేయర్‌గా చేసి రిటైరయ్యారు. ఆరు నెలలుండడానికి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చిన్న నోట్‌బుక్కు.

ఆ గోడల మధ్య తెలుగు విని నాకు చాలా నెలలైంది. ప్రాణం లేచొచ్చింది.

"ఆంటీ, మీరు తెలుగా! ఇక్కడా?" అని దివ్య ఆశ్చర్యపోయింది.

"ఇక్కడ నేనొక్కదాన్నేనమ్మా. గుడ్లగూబలకి తెలుగు నేర్పుతున్నాను" అన్నాను.

వెంకటరత్నం గారు మాత్రం తిన్నగా గోడ మీది పెద్ద మ్యాపు దగ్గరికి వెళ్ళారు. సరస్సులో ఒడ్డుకి కాస్త దూరంలో ఉన్న చిన్న త్రికోణం గుర్తు మీద వేలు పెట్టారు. "ఇదేంటమ్మా, బెంచ్‌మార్కా?"

ఎవరూ అడగని ప్రశ్న అది. ఇక ఆగుతానా? పాత సర్వేవాళ్ళు ఎలా వచ్చారో, కొలతలకి ఆనవాలుగా నేలలో కాంక్రీటు పోసి ఇత్తడి మూత ఎలా బిగించారో, చదివిందంతా చెప్పాను. ఒడ్డున నల్లరాళ్ళ ముక్కునీ, వెనకాల కొండ మీది గంటునీ ఒక గీతలో పెట్టుకుని నడిస్తే సూటిగా దాని దగ్గరికే పోతామని కూడా చెప్పాను. మ్యాపు కాపీ ఒకటి చేతిలో పెట్టాను. చివర్లో, "రెండు మైళ్ళుంటుంది బాబాయ్‌గారూ, ఈ ఎండలో మీరు వెళ్ళకండి" అన్నాను. అంతా నోరూరేలా చెప్పి చివర్లో వద్దనడం ఏం చెప్పడం?

"మా శాఖలో బెంచ్‌మార్క్ రాయి అంటే గుళ్ళో విగ్రహంతో సమానమమ్మా. దాని మీద ఎవడైనా కూర్చుంటే కొట్టినంత పని చేసేవాళ్ళం" అని నవ్వారు.

పదకొండు నుంచి పదహారు దాకా ఆరు బిళ్ళలు ఇచ్చాను. ఆయనకి పద్నాలుగు వచ్చింది. ఇవ్వడమే ఆలస్యం, దివ్య అందరి దగ్గరా తీసుకుని తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. మనందరికీ ఇది అలవాటే. ఎయిర్‌పోర్ట్‌లో ఇంటిల్లిపాది పాస్‌పోర్టులూ ఒకరి బ్యాగ్‌లోనే ఉంటాయి. ఎవరి దగ్గర వాళ్ళు ఉంచుకోమని చెప్పాల్సింది. ఆ అలవాటు చూసి నాకు ముచ్చటేసింది, ఊరుకున్నాను.

నాలుగున్నరకి దివ్య ఒక్కతే ఆఫీసులోకి వచ్చింది. మిగతావాళ్ళు కార్ల దగ్గర సామాను సర్దుతున్నారంది. గుప్పిట్లోంచి ఆరు బిళ్ళలూ బల్ల మీద పోసింది. "ఇవిగో ఆంటీ, మా అందరివీ."

డేల్ ఆ పూట కంచె బాగుచెయ్యడానికి వెళ్ళాడు. ఉంటే ఒప్పుకునేవాడు కాదు. నేను మాత్రం, గోంగూర ఫ్రీమాంట్‌లో ఎక్కడ దొరుకుతుందో అడుగుతూ, ఆరు బిళ్ళలూ నా చేత్తో తగిలించాను. బయటికి వెళ్ళి తలలు లెక్కపెట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన వచ్చింది. మనింటికి వచ్చినవాళ్ళని వేలు పెట్టి లెక్కపెట్టడమేంటి అనిపించి మానేశాను. మా అమ్మ బంతిలో కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టనిచ్చేది కాదు, దిష్టి తగులుతుందని.

రెండు కార్లూ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాయి. బోర్డు నిండుగా ఉంది. గేటు మూశాను.

ఫోన్

డేల్ కోసం ఆఫీసులోనే ఆగి ఉన్నాను, ఆరున్నరకి ఫోన్ మోగింది. హైవే మీద దూరంగా ఉన్న పెట్రోల్ బంకు నుంచి దివ్య.

"ఆంటీ, మామయ్యగారు అక్కడున్నారా?"

"ఇక్కడెందుకుంటారమ్మా?"

వెనక నుంచి శ్రీకాంత్ గొంతు. "నువ్వేగా కిరణ్ కార్‌లో ఉన్నారన్నావ్!"

"మోకాలు నొప్పి, ఫ్రంట్ సీట్ కావాలని వచ్చేటప్పుడు ఆ కార్‌లోనే కూర్చున్నారు కదా! కిరణ్ ఏమో మన కార్‌లోకి మారారు అనుకున్నాడట. ఆంటీ, ప్లీజ్, ఆయన షుగర్ టాబ్లెట్స్ కూడా నా బ్యాగ్‌లోనే ఉన్నాయి. పొద్దున వేసుకున్నారు. లంచ్ సరిగ్గా తినలేదు."

నేను బోర్డు వైపు చూశాను. పద్నాలుగో బిళ్ళ మేకుకి వేలాడుతోంది. నేను పెట్టిందే.

అప్పుడే డేల్ తలుపు తీసుకుని వచ్చాడు. చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన మొహం తెల్లబోయింది. షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. వాళ్ళు రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. "మనకి అంత టైం లేదు. ఇంకో గంటలో గాలి లేస్తుంది. అడుగులు పోతాయి" అన్నాడు.

నేను నీళ్ళ క్యానూ, నా డబ్బాలోని వేరుశనగ పప్పుచెక్కా తీసుకున్నాను. టైర్ల గీతలు ఏళ్ళ తరబడి చెరగవని సరస్సు మీద సైకిల్‌ని కూడా పోనివ్వని డేల్, ఆ సాయంత్రం ట్రక్కుని తిన్నగా దాని మీదికి దించాడు.

అడుగులు

పొద్దు ఇంకా గంటన్నర ఉంది. సరస్సంతా రాగి రంగుకి తిరుగుతోంది. దక్షిణం వైపు, మైలు దూరంలో, ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"అదిగో!" అన్నాను. డేల్ అప్పటికే అటు తిప్పాడు.

మనిషి టోపీ పెట్టుకున్నాడు. ఒక చెయ్యి ఎత్తాడు, దించాడు. మేం దగ్గరికి పోతున్న కొద్దీ పొడుగు సాగాడు, మధ్యలో తెగాడు, మళ్ళీ అతుక్కున్నాడు. మిరాజ్, అంటే ఎండమావి, అని నాకు తెలుసు. మిరాజ్‌లో కనిపించేది కూడా ఎక్కడో ఒకచోట ఉన్న వస్తువే. కింద ఏదో ఒకటి ఉండాలి, కాకో, రాయో, మనిషో. డేల్ ట్రక్కు ఆపాడు. దిగాం. అక్కడ ఏమీ లేదు. కాకి లేదు, రాయి లేదు. చుట్టూ అన్ని వైపులా అదే తెల్ల నేల.

డేల్ టోపీ తీసి పట్టుకుని, "మళ్ళీ ఇక్కడే" అన్నాడు. నాతో కాదు.

నేను కిందికి చూశాను. మట్టి పెచ్చు మీద బూట్ల గుర్తులు. ఒక్క మనిషివే. పెద్దవాళ్ళు నడిచినట్టు పొట్టి అడుగులు, కుడికాలు కాస్త ఈడ్చినట్టు. మోకాలు నొప్పి మనిషి. ఆ అడుగులు వరసగా వచ్చి, మేం నిలబడ్డ చోట ఎడమవైపుకి రెండు అడుగులు జరిగాయి. అక్కడ కాసేపు నిలబడ్డట్టు రెండు పాదాలూ పక్కపక్కన లోతుగా దిగి ఉన్నాయి. మళ్ళీ పాత వరసలోకి వచ్చి ముందుకి వెళ్ళాయి. ఇరుకు సందులో ఎదురుగా ఎవరైనా వస్తే పక్కకి తప్పుకుని దారిస్తామే, అచ్చం అలాగ.

ఎదురుగా వచ్చినవాళ్ళ అడుగులు మాత్రం లేవు. వంగి వెతికాను. ఆ మట్టి మీద తొండ నడిచినా గీత పడుతుంది. ఏమీ లేదు.

వెనక నుంచి చల్లగాలి తగిలింది. చూస్తుండగానే అడుగుల అంచులు రాలిపోవడం మొదలైంది.

"ఎటు వెళ్ళాడో చెప్పు" అన్నాడు డేల్. ఎప్పుడూ నన్ను అలా అడగలేదు.

"బెంచ్‌మార్క్ దగ్గరికి. నేనే దారి చెప్పాను."

నల్లరాళ్ళ ముక్కు, కొండ మీది గంటు. దుమ్ములో అవి కనిపించి మాయమవుతున్నాయి. నేను ట్రక్కు కిటికీలోంచి సగం బయటికి వంగి, "ఎడమకి, ఇంకొంచెం, తిన్నగా" అని అరుస్తున్నాను. గొంతులో మట్టి. పుస్తకంలో చదివి మురిసిపోయిన ఒక గీత మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడింది. అది తప్పయితే ఆ సరస్సు మీద వెతకడానికి ఇంకా బోలెడు చోటు ఉంది, వెలుతురు లేదు.

బెంచ్‌మార్క్

ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. తలకి చేతిరుమాలు కట్టుకున్నారు. ఇత్తడి మూత ఆయన మోకాళ్ళ ముందుంది. దాని మీద కూర్చోలేదు. ఒళ్ళంతా తెల్లటి దుమ్ము పట్టి, కదలకుండా ఉంటే, మనిషి కాదేమో అనిపించింది.

"బాబాయ్‌గారూ!"

మెల్లగా తల తిప్పారు. మాట ముద్దగా వచ్చింది. "వచ్చావా అమ్మా. ఆయన ఇప్పుడే వెళ్ళాడు."

"ఎవరు?"

"మీ మనిషేగా, టోపీ ఆయన."

చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళు చెమటతో చల్లగా ఉంది. షుగర్ పడిపోయింది. పప్పుచెక్క ముక్కలు చేసి నోట్లో పెట్టాను, నీళ్ళు తాగించాను. డేల్ తన జాకెట్ కప్పాడు. పావుగంటకి కళ్ళల్లో మనిషి తిరిగొచ్చాడు.

"కార్ల దగ్గర వాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు కదా, గబగబా వెళ్ళి చూసొద్దామనుకున్నా. సగం దూరం వచ్చేసరికి నా ముందు ఒకాయన నడుస్తున్నాడు. దారి తెలిసిన మనిషిలా ఉంటే వెనకే నడిచా. కాసేపటికి ఆయనే ఎదురొచ్చాడు. ఎప్పుడు వెనక్కి తిరిగాడో చూడలేదు. పక్కకి జరిగి ఎక్స్‌క్యూజ్‌మీ అన్నా. పలకలేదమ్మా. మొహం కూడా సరిగ్గా చూడలేదు, ఎండ కళ్ళల్లో పడింది. తర్వాత ఈ మూత దొరికింది. కాళ్ళు ఆడలేదు. బెంచ్‌మార్క్ దగ్గరున్నవాణ్ణి ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారులే అని కూర్చున్నా."

తర్వాత చొక్కా జేబులో చెయ్యి పెట్టారు. "ఇదిగో, మీ బిళ్ళ. ఈ మూత పక్కన పడి ఉంది. నాదే, చూడు, పద్నాలుగు. దివ్య బ్యాగ్‌లో వేసుకుందనుకున్నానే, ఇక్కడెలా పడిందో."

దాని మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. గోటితో గీకాను. పద్నాలుగు.

డేల్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, పైన చిల్లుని వేలితో తడిమి, ట్రక్కు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

డేల్ చెప్పింది

మేం ఆఫీసుకి చేరేసరికి వాళ్ళ కార్లు గేటు బయట ఉన్నాయి. శ్రీకాంత్ పరుగెత్తుకొచ్చి తండ్రిని పట్టుకుని ఏడ్చాడు. పెద్దాయన అతని వీపు నిమిరి, "మిగతా లగేజీ అంతా వచ్చిందా? సూట్‌కేసులు లెక్కపెట్టుకున్నారా?" అన్నారు. దివ్య ఏడుస్తూనే నవ్వింది. ఆయన లోపలికి వచ్చి, బోర్డు మీద తన మేకు వెతుక్కుని, ఉప్పు పట్టిన ఆ బిళ్ళని తన చేత్తో తగిలించారు. అప్పటికే అక్కడ ఒకటుందని గమనించలేదు. నేను తియ్యబోతే డేల్, "ఉండనీ" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక చెప్పాడు. నేను చేరడానికి చాలా ముందు సంగతి. హెరాల్డ్ అని ఒకాయన ఒంటరిగా వచ్చాడు. ఎవరో హైవే నుంచి దింపి వెళ్ళారు. అందుకే కారు లేదు. పద్నాలుగో బిళ్ళ తీసుకున్నాడు.

"సాయంత్రం ఆ మేకు ఖాళీగా ఉంది. అప్పట్లో బిళ్ళల్ని జ్ఞాపకంగా పట్టుకుపోయేవాళ్ళు. ఇంకో దొంగవెధవ అనుకున్నాను. ఇంటికెళ్ళి భోంచేశాను. పాత ఇత్తడి రేకు కత్తిరించి నేనే పద్నాలుగో నంబరు బిళ్ళ ఇంకొకటి చేసి తగిలించాను. పది రోజుల తర్వాత అతని చెల్లెలు ఫోన్ చేసింది."

వెతికారు. దొరకలేదు. ఎవరి బిళ్ళ వాళ్ళే పెట్టాలన్న నియమం ఆ తర్వాత వచ్చింది. అసలు బిళ్ళలకి చిల్లు గుండ్రంగా ఉంటుంది. డేల్ మేకుతో పొడిచిన చిల్లు గుండ్రంగా రాలేదు. వెళ్ళి చూశాను. నేను పెట్టింది డేల్ చేసినది. పెద్దాయన పెట్టింది అసలుది.

"గేటు దగ్గర మీరు రోజూ అరిచే మాట..." అన్నాను.

"అతని పేరు" అన్నాడు డేల్.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి

స్నేహా, నీకు నేను చదివింది చెబుతాను, చూసింది కూడా చెబుతాను. ఎండ, పడిపోయిన షుగర్, వేడి గాలి, ఈ మూడూ కలిస్తే మనిషి, అక్కడ లేని మనిషిని చూస్తాడు, అతనికి దారి కూడా ఇస్తాడు. నాకూ డేల్‌కీ కనిపించినది దూరంలో పెద్దాయనే అయ్యుండొచ్చు, గాలి ఆయన్ని తప్పుచోట చూపించి ఉండొచ్చు. ఏళ్ళుగా మట్టి కింద ఉన్న బిళ్ళని గాలి బయటపెట్టి ఉండొచ్చు. వీటిలో దేన్నీ నేను కాదనను. కానీ బిళ్ళ మోకాళ్ళ ముందు దొరికిన మనిషికి ఆ నంబరే ఎందుకు వచ్చిందో ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇంకా వెతుకుతున్నాను.

డేల్ మంచి పై అధికారి కాదు. ఎందుకో చెప్పకుండా నియమాలు పెట్టేవాడు. కారణం చెప్పి ఉంటే ఆ రోజు నేను గోంగూర సంగతి పక్కన పెట్టి బయటికి వెళ్ళి ఆరు తలలు లెక్కపెట్టేదాన్ని. ఖాళీ మేకుని చూసి ఆయన మోసపోయాడు, నిండిన బోర్డుని చూసి నేను మోసపోయాను. యాప్ వచ్చినా అంతే. బిళ్ళల్ని కాదు, మనుషుల్ని లెక్కపెట్టు. వేలు పెట్టి, పైకి వినబడేలా. దిష్టి సంగతి తర్వాత చూసుకుందాం.

ఆ బోర్డు విషయంలో ఒక లెక్క మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు పద్నాలుగో నంబరు మనిషి పద్నాలుగో బిళ్ళని తన చేత్తో పెట్టాడు. నియమం ప్రకారం ఆయన వచ్చేసినట్టే. దాని పక్కనున్న రెండో బిళ్ళ నేను ఇంకొకరి తరఫున పెట్టినది. నియమం ప్రకారం అది చెల్లదు. అంటే ఒక మనిషి ఇంకా లోపలున్నట్టు.

తోడున్నవాళ్ళు

ఇది రాయడానికి తోడ్పడినవాళ్ళకి నా నమస్కారాలు. గదులు ఊడ్చే మనిషికి మెట్టు మెట్టుగా పుస్తకాలు అందించిన మార్లీన్‌కి. వారాల తరబడి వంట తనే చేసుకుని, నా బూట్ల మట్టి దులిపిన ప్రసాద్‌కి. ఆ రోజు సంగతి దాచకుండా రాయమన్న శ్రీకాంత్, దివ్యలకి, కిరణ్ దంపతులకి. అడిగి నా చేత ఇది రాయించిన స్నేహకి. హెరాల్డ్ సంగతి ఫోన్‌లో నా దగ్గర విని, తర్వాత నాలుగేళ్ళు బతికి, ప్రతి జూన్‌లో ఫోన్ చేసి "ఆయన వచ్చాడా అమ్మా?" అని అడిగిన వెంకటరత్నం గారికి. జింకపిల్లని తిరిగి పొదలో పెట్టించిన డేల్‌కి.

చివరిగా హెరాల్డ్ గారికి. మీ వెనకే నడవబట్టి మా బాబాయ్‌గారు బెంచ్‌మార్క్ దాకా చేరారు, అక్కడ ఉండబట్టి మాకు దొరికారు. డేల్ వెళ్ళిపోయాక రోజూ అయిదింటికి గేటు దగ్గర మీ పేరు పిలిచింది నేనే. నా ఉచ్చారణ బాగుండదు, ఏమీ అనుకోకండి. ఇకనుంచి వేరేవాళ్ళు పిలుస్తారు, చెప్పి వచ్చాను. ఉప్పు పట్టిన మీ బిళ్ళ మేకుకే ఉంది. తియ్యొద్దని కూడా చెప్పాను. వచ్చినప్పుడు ఒకసారి తీసి, మీ చేత్తో మళ్ళీ పెట్టండి.